పాలికిచ్చిన ఆవులు

పునితకి తెలుగు వచ్చని కోర్టులో అందరికీ తెలుసు. ఎంత వచ్చో మాత్రం ఆమెకొక్కతెకే తెలుసు.

దుబాసీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు తెలిసిన భాషల దగ్గర తమిళం, ఇంగ్లీషు అని రాసి, ఇంకో గీత ఖాళీగా ఉంటే అక్కడ తెలుగు అని కూడా రాసింది. అందులో అబద్ధమేమీ ఉందనుకోలేదు. నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. అన్నం పెట్టు, నీళ్ళు తే, తల దువ్వుకో, ఎక్కడికి పోతన్నావు. అంతవరకూ ఆమెకి బాగానే వచ్చు. నాన్నమ్మ పోయాక ఇంట్లో తమిళమే మిగిలింది. ఉద్యోగంలో చేరి ఏళ్ళు గడిచినా తెలుగు సాక్షి ఒక్కరూ రాలేదు. మలేసియా ఎస్టేట్లలో పెరిగిన తెలుగువాళ్ళకి తమిళమూ వచ్చు, మలయ్ భాషా వచ్చు. కోర్టు పని పడితే ఆ రెంటిలో ఏదో ఒకటి మాట్లాడి వెళ్ళిపోతారు.

కూర్మమ్మ అలా చెయ్యలేదు.

ఆవిడది సుంగై సుమున్ అనే పల్లె. డెబ్బై దాటిన మనిషి, ఒక చెవి సరిగా వినబడదు. భర్త పేరు పెద్దన్న, ఎస్టేటులో పనిచేస్తూనే ఆవుల్ని పెంచాడు. అతను పోయేనాటికి ఎనిమిది ఉన్నాయి. పిల్లలు లేరు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ వాటి వెంట తిరగలేకపోయింది. పెద్దన్న చెల్లెలి కొడుకు సూరిబాబు వచ్చి, "నాను సూసుకుంటానత్తా" అని తోలుకుపోయాడు. పన్నెండేళ్ళలో ఆ ఎనిమిదీ నలభై దాటాయి. పామాయిల్ తోటల అంచున సూరిబాబు పెద్ద షెడ్డు వేశాడు, వ్యాను కొన్నాడు, కౌలాలంపూర్ హోటళ్ళకి పాలూ పెరుగూ తోలడం మొదలుపెట్టాడు. చాలాకాలం నెలనెలా కూర్మమ్మ చేతిలో డబ్బు పెట్టేవాడు. ఆ తర్వాత మానేశాడు. ఆవిడ అడిగితే, "ఆ ఆవులు నువ్వు నాకు అమ్మినావు కదత్తా. డబ్బు అప్పుడే కట్టేసినాను. ఏటైనా బాకీ ఉన్నా ఎప్పుడో పాతబడిపోనాది" అన్నాడు.

ఆవిడ దావా వేసింది. సాక్ష్యం చెప్పే రోజున బోనులో నిలబడి, "నాకు అరవం వస్తాది, మలయ్యీ వస్తాది. కానీ పెమాణం సేసి సెప్పే మాట నా మాటలోనే సెప్తాను" అంది. జడ్జి పునిత వైపు చూసింది. పునిత తలూపింది.

కూర్మమ్మ లాయరు అరుముగం తమిళుడు. తెలుగు ముక్క రాదు. సూరిబాబు లాయరుకీ అంతే. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళు ముగ్గురే: కూర్మమ్మ, సూరిబాబు, పునిత.

కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. ఆవిడ ఆవుల్ని భాగస్వామ్యానికి ఇచ్చిందా, అమ్మిందా? భాగస్వామ్యమైతే మందలో సగం ఆవిడది. అమ్మకమైతే అది పాత బాకీ. బాకీ వసూలుకి ఆరేళ్ళే గడువు, అదెప్పుడో దాటిపోయింది. రాతకోతలు లేవు. ఆవిడ నోటి మాటే ఆధారం.

"సూరిబాబుకి ఆవుల్ని ఎందుకిచ్చారు?" అని అరుముగం మలయ్‌లో అడిగాడు. పునిత తెలుగులోకి మార్చి అడిగింది.

"ఎందుకేటమ్మా. పాలికిచ్చినాను."

పునిత ఒక్క క్షణం ఆగింది. పాలకి అనాల్సింది, ముసలి నోరు కాబట్టి పాలికి అంటోందనుకుంది. "పాల కోసం ఇచ్చానంటోంది, పువాన్" అని జడ్జికి చెప్పింది. ఆడ జడ్జిని అక్కడ పువాన్ అనే పిలుస్తారు.

అరుముగం నొసలు చిట్లించాడు. "ఇద్దరూ ఏమని మాట్లాడుకున్నారు?"

"సగం పాలు నాది, సగం పాలు ఆడిది. మా పెద్దోళ్ళ కాలం నించీ అంతే కదా."

"పాలల్లో సగం తనకి, సగం అతనికి అంటోంది."

"దూడల సంగతి అడగండి" అన్నాడు అరుముగం. గొంతులో కంగారు వినబడుతోంది.

పునిత అడిగింది. "దూడలైతే ఏటి, దూడల్లోనూ పాలే" అంది కూర్మమ్మ, ఇంత తెలిసిన సంగతి అడుగుతున్నారేమిటన్నట్టు.

దూడల్లో పాలేమిటి? ఈ మాటకి అర్థం లేదు. అర్థం లేకపోతే ఇంతకుముందు చెప్పిన రెండు మాటలూ తనే తప్పు పట్టుకుని ఉండాలి. అలాంటప్పుడు దుబాసీ ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. ఈ మాట నాకు అర్థం కాలేదు, మళ్ళీ అడగనివ్వండి అని జడ్జితో అనాలి. తమిళ సాక్షుల దగ్గర ఎన్నోసార్లు అంది, ఎవరూ తప్పుపట్టలేదు. కానీ తన పేరు పక్కన తెలుగు అని రాసి ఉంది. తను తెలుగు ఇంటి పిల్ల అని ఆ గదిలో అందరికీ తెలుసు. సొంత భాష నాకు అర్థం కాలేదని ఎలా అనాలి? జడ్జి కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది.

"దూడలు కూడా ఆ పాలే తాగేవంటోంది, పువాన్."

జడ్జి రాసుకుంది. ముందు వరుసలో కూర్చున్న సూరిబాబు చటుక్కున తలెత్తి పునితని చూశాడు. మళ్ళీ నెమ్మదిగా తల దించుకున్నాడు.

*

తర్వాతి ఆదివారం పునిత మేనత్త అప్పలమ్మ ఇంట్లో భోజనం. తాత కట్టిన ఇల్లు అమ్మకానికి పెట్టాలని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ మాట్లాడుకుంటున్నారు. అప్పలమ్మ చారు వడ్డిస్తూ, "ఎవులెన్ని సెప్పినా మీ నాన పాలు మీ నానకి రావాల్సిందే. నాను ఊరుకోను" అంది.

"ఇంట్లో పాలేంటి అత్తా?" అంది పునిత నవ్వుతూ.

"ఓలమ్మా, పాలంటే తెల్దా నీకు? వంతు. అరవంలో పంగు అనరూ, అదీ."

పునిత చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కాసేపటికి, మామూలుగా అడుగుతున్నట్టు అడిగింది. "ఆవుల్ని పాలికిస్తారా అత్తా?"

"ఇస్తారు మరి. తీసుకున్నోడు మేపుతాడు. పుట్టిన దూడల్లోనూ, పాడి డబ్బుల్లోనూ సెరి సగం. మీ తాత రెండావుల్ని అలాగే పెంచినాడు. ఎస్టేటులో అందరూ అలాగే సేసీవోరు." అప్పలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఏటయినాది? చారు బాగోలేదేటి?"

"బాగుంది" అంది పునిత.

తీర్పుకి ఇంకా టైముంది. సోమవారం వెళ్ళగానే రిజిస్ట్రారుకి చెప్పేద్దామనుకుంది. సోమవారం ఆయన సెలవు. మంగళవారం ఉన్నాడు గాని గదిలో ఎవరో ఉన్నారు. ఆ తర్వాత ఆయన ఒక్కడే ఉన్నప్పుడు కూడా ఆమె తలుపు దాకా వెళ్ళి, ఇంకేదో ఫైలు గురించి అడిగి వచ్చేసింది. చెప్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. సాక్ష్యం మళ్ళీ తీసుకోవాలి. తెలియని భాషకి భత్యం ఎందుకు తీసుకుంటున్నావని అడుగుతారు. రెంటికంటే ముందు, ఆ దుబాసీ పిల్లకి తన భాషే రాదంట అని కోర్టంతా చెప్పుకుంటుంది. అరుముగం గట్టి లాయరు, తీర్పు కూర్మమ్మ వైపే వస్తుంది, అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు అని తనకి తనే చెప్పుకుంది. రోజూ అదే చెప్పుకుంది.

ఆ కేసు కాగితాలు సర్దుతున్నప్పుడు అరుముగం దాఖలు చేసిన పాత తీర్పుల నకళ్ళు చేతికొచ్చాయి. మలేసియా కాంట్రాక్టు చట్టానికి మూలం తెల్లవాళ్ళ కాలంలో ఇండియాకి రాసిన చట్టం. అందుకని ఇక్కడి లాయర్లు ఇప్పటికీ మద్రాసు, కలకత్తా హైకోర్టుల తీర్పులు వెతికి తెస్తారు. నోటిమాటగా కలిసినా భాగస్తులు భాగస్తులేనని, వాళ్ళ నడవడిని చూడాలని అరుముగం తెచ్చిన తీర్పులు. పక్కనే సూరిబాబు లాయరు పెట్టినవి: లాభంలో వాటా తిన్నంత మాత్రాన భాగస్తుడైపోడని, కలిసి వ్యాపారం చేస్తున్నామన్న ఉద్దేశం ఇద్దరికీ ఉండాలని, కలకత్తాలో మొదలై లండన్ దాకా వెళ్ళిన ఒక దావాలో తేల్చారట.

మద్రాసు తీర్పు ఒకటి తీసి చదివింది పునిత. అప్పులిచ్చిన షావుకారు, కలిసి దుకాణం పెట్టిన ఇద్దరు రైతులు, వాళ్ళ సాక్షులు. అందరూ నిండైన ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఆ రైతులకి ఇంగ్లీషు వచ్చి ఉండదు. మధ్యలో ఎవరో ఒక దుబాసీ నిలబడి ఉంటాడు. అతని పేరు ఎక్కడా లేదు. అతను ఎక్కడెక్కడ తడబడ్డాడో, దేన్ని దాటేశాడో ఇప్పుడెవరికీ తెలీదు. ఆ మాటల మీద జడ్జీలు కట్టిన తీర్పులు మాత్రం సముద్రం దాటొచ్చి ఇవాళ కూర్మమ్మ ఆవుల్ని తేలుస్తున్నాయి. పునిత ఆ నకలు మూసేసింది. ఇంకొకటి తియ్యబుద్ధి కాలేదు.

*

తీర్పు రోజున కూర్మమ్మ ఉతికిన జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. జడ్జి మలయ్‌లో చదివింది. వాది తన నోటితోనే ఆవుల్ని పాల కోసం ఇచ్చానని చెప్పింది. దూడల్లో వాటా అడిగిన మాట ఆమె సాక్ష్యంలో లేదు. ఇండియా నుంచి వచ్చిన పాత తీర్పుల ప్రకారం ఇది భాగస్వామ్యం కాదు. నెలనెలా ఇచ్చిన డబ్బు మేనల్లుడు అత్తకి చేసిన సాయం. మిగిలేది ఆవుల ఖరీదు తాలూకు బాకీ, దానికి కాలం చెల్లింది. దావా కొట్టివేయడమైనది.

చదవడం అయ్యాక జడ్జి, "వాదికి ఆమె భాషలో వివరించండి, మిస్ పునిత" అంది. ఆమె గొంతులో జాలి ఉంది.

పునిత కూర్మమ్మ దగ్గరికి వెళ్ళి, వినబడే చెవి వైపు వంగింది.

"ఏటంటమ్మా?"

"కేసు కొట్టేశారు అమ్మమ్మా."

కూర్మమ్మ ఆమెనే చూస్తోంది. "ఎందుకు?"

"మీరే అన్నారని... ఆవుల్ని పాల కోసం ఇచ్చానని."

"పాల కోసమా? పాల కోసమేటి? నా కాడ పాలు లేకనా? నాను పాలికన్నాను. పాలికి." ఆవిడ గొంతు పెరిగింది. "అలాగెప్పుడు సెప్పినాను? నాను సెప్పినానా అలాగ?"

"ఏమంటోంది?" అంది జడ్జి.

గదంతా పునిత నోటి మాట కోసం ఆగింది. అరుముగం ఆమెనే చూస్తున్నాడు. సూరిబాబు తన చేతుల్ని చూసుకుంటున్నాడు. నిజం నాలుక మీదికి వచ్చింది. ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నది రెండో ప్రశ్న.

"తీర్పు అర్థమైందంటోంది, పువాన్."

జడ్జి లేచింది. అందరూ లేచి తలలు వంచారు. కూర్మమ్మ కూడా లేవబోయి, మోకాలు పట్టక మళ్ళీ కూలబడింది. పునిత పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది.

మొదటిసారి చెప్పింది తెలియక చేసిన తప్పు. ఇది అలాంటిది కాదు. బాత్రూమ్‌లో కుళాయి విప్పి, చేతులు కడుక్కుంటూ, కడుక్కుంటూ ఆమె చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

*

అప్పీలు గడువు దాటిపోయింది. అరుముగం అప్పీలు వెయ్యలేదు. తన సాక్షే తనకి ఎదురు చెప్పాక ఏం మొహం పెట్టుకుని వేస్తాడు? పునిత ఆ వారాల్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తమిళ సాక్షులు చెప్పే చిన్న చిన్న మాటలకి కూడా రెండేసిసార్లు అడిగేది. ఏమైంది నీకు అని గుమస్తాలు నవ్వేవారు.

ఒకరోజు సూరిబాబు తీర్పు నకలు కోసం కౌంటరు దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, ఎండకి కమిలిన ముఖం, కొత్త చొక్కా. కాగితం తీసుకున్నాక కూడా వెళ్ళలేదు. అటూ ఇటూ చూసి ఒక సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు. నెయ్యి.

"ఇంట్లో కాసినాది. తీసుకో అమ్మా."

"వద్దంకుల్. మేం తీసుకోకూడదు."

"ఎవులకి తెలస్తాది." గొంతు తగ్గించాడు. "మీ తాతా, మా నానా ఒకే ఎస్టేటు. ఆ సంగతి నీకు గుర్తుండబట్టే కదా అలా సెప్పినావు. నాను మర్సిపోను."

పునితకి ముందు అర్థం కాలేదు.

"మీకు తెలుసా?" అంది చివరికి. "ఆవిడ అన్నది ఏమిటో మీకు ఆరోజే తెలుసా?"

"తెల్దేటి? నాకు తెలుగు రాదేటి?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవులు అడిగినారు?" సూరిబాబు ముఖంలో మొదటిసారి కొంచెం చిరాకు కనిపించింది. "నాను అబద్ధమేటీ ఆడలేదు. నోరు ఇప్పలేదు, అంతే. సెప్పింది నువ్వు."

ఆమె సీసాని అతని వైపు నెట్టింది. అది కౌంటరు అంచు దాకా జారింది, అతను పట్టుకున్నాడు. సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాను అబద్ధం ఆడలేదు, నోరు ఇప్పలేదు. ఆదివారం నుంచి తీర్పు రోజు దాకా తను చేసిందీ సరిగ్గా అదే. అతని నోట వింటే ఎంత రోతగా ఉందో! పైగా అతను తనని తోడుదొంగ అనుకున్నాడు. కాదని అనడానికి ఆమె దగ్గర ఏముంది?

మధ్యాహ్నం సెలవు పెట్టి అరుముగం ఆఫీసుకి వెళ్ళింది. ఆయన కాఫీ తాగుతూ అంతా విన్నాడు. కప్పు కింద పెట్టేశాడు.

"నా ఆఫీసులో ఆమె పంగు అనే చెప్పింది" అన్నాడు తమిళంలో. "కోర్టుకొచ్చి పాలు అంటే, ముసలామె భయపడి తడబడిందనుకున్నాను. తర్వాత ఆమె మీద కేకలు కూడా వేశాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కోర్టులో మాటలన్నీ రికార్డులో ఉంటాయి. తెలుగు తెలిసిన ఇంకొకరికి వినిపిస్తే తేలిపోతుంది. గడువు దాటింది, అయినా పై కోర్టు అనుమతి అడగొచ్చు. దానికి నువ్వు ప్రమాణపత్రం ఇవ్వాలి."

"ఇస్తాను సార్."

"అర్థం తెలియక పొరపాటు చేశానని రాయి, చాలు. ఎప్పుడు తెలిసిందో రాయనక్కర్లేదు. అది రాస్తే నీ ఉద్యోగం మీదికొస్తుంది."

పునిత తలూపింది. ఆయన మంచికే చెప్పాడు. ఆ మంచితనం ఆమెకి కొంత ఊపిరి కూడా ఇచ్చింది. అందుకు మళ్ళీ సిగ్గేసింది.

*

మర్నాడు గ్రాబ్ టాక్సీ ఎక్కి సుంగై సుమున్ వెళ్ళింది. కూర్మమ్మ ఇల్లు రేకుల ఇల్లు, ముందు సిమెంటు అరుగు. ఆవిడ అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది. పక్కన ఖాళీ పశువుల కొట్టంలో పాత సైకిలూ, విరిగిన కుర్చీలూ పడేసి ఉన్నాయి.

"కోర్టమ్మాయివి కదా" అంది ఆవిడ. "రా, కూకో. టీ ఎట్టమంటావేటి?"

"వద్దమ్మమ్మా." పునిత అరుగు మీద కూర్చుంది. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. "అమ్మమ్మా, మీరు సరిగ్గానే చెప్పారు. పాలికి అన్నారు. నాకు ఆ మాట తెలీదు. నేను పాలు, తాగే పాలు అని జడ్జికి చెప్పాను. మీరు ఓడిపోయింది నా వల్ల."

కూర్మమ్మ చేతిలో మునగ రెమ్మ ఆగింది. అర్థమైందో లేదోనని పునిత మళ్ళీ చెప్పబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అయితే నాను సరిగ్గానే సెప్పినాను."

"అవునమ్మమ్మా."

"నా బుర్ర పోనాది అనుకున్నాను" అంది కూర్మమ్మ. గొంతులో కోపం లేదు. "లాయరు కేకలేసినాడు. అమ్ముకున్న ఆవుల మీద కేసేసినాదని ఊరోళ్ళు అన్నారు. రోజూ కూకుని గుర్తు సేసుకునీదాన్ని. ఆ దినం నా నోట ఏటొచ్చినాది? పాలికి అన్నానా, ఇంకేటన్నా అన్నానా? ముసిల్దాన్నయిపోనాను, మతి తప్పినాది అనుకున్నాను. గేస్ కట్టేసినానో లేదో అని రెండేసి మాట్లు లేచి సూసుకుంటన్నాను."

పునితకి ఏడుపొచ్చింది. ఇక్కడ ఏడవడానికి తనకి హక్కు లేదనిపించి ఆపుకుంది.

ఆవిడ రెమ్మ పక్కన పెట్టింది. "నీకెప్పుడు తెలిసినాది?"

ఇప్పుడే తెలిసిందనొచ్చు. తీర్పయ్యాక తెలిసిందనొచ్చు. అలా అన్నా ఈవిడకి తెలిసే దారి లేదు.

"తీర్పుకి ముందే తెలిసింది."

"నా సెవి కాడ వంగి సెప్పినావు సూడు. అప్పుటికి తెలుసా?"

"తెలుసు."

"నాను అరిసినాను కదా, పాలికి అన్నానని. ఆయమ్మకేటి సెప్పినావు?"

"మీకు అర్థమైందంట అని చెప్పాను."

కూర్మమ్మ చాలాసేపు రోడ్డు వైపు చూసింది. పామాయిల్ గెలలు వేసుకుని ఒక లారీ పోయింది.

"తెలీక సేసినదానికి నానేటీ అనను" అంది. "మా తమ్ముడి మనవలకే తెల్దు. నీకెలా తెలస్తాది. కానీ తెలిసినాక నా ముందర నిలబడి నా మాట మింగేసినావు." "ఎల్లిపో అమ్మా. మళ్ళీ కోర్టుకి రమ్మంటే వస్తాను. నువ్వు మటుకు ఇప్పుడు ఎల్లిపో."

ఆ సాయంత్రం ప్రమాణపత్రంలో పునిత అన్నీ రాసింది. అత్తయ్య ఇంట్లో భోజనం, అర్థం తెలిసిన రోజు, తీర్పు గదిలో జడ్జికి చెప్పిన అబద్ధం. అరుముగం చదివి, "ఇవి తీసేద్దామా?" అన్నాడు. "ఉండనివ్వండి సార్" అంది.

*

పై కోర్టు రికార్డు తెప్పించింది. కౌలాలంపూర్ నుంచి తెలుగు సంఘం పెద్దాయన ఒకరు వచ్చి విన్నాడు. పాలు అంటే వాటా, పాలికివ్వడమంటే చెరిసగానికి పెంపకానికివ్వడం అని రాసిచ్చాడు. పాత తీర్పు రద్దయింది, కేసు మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఇంకో జడ్జి, ఆ పెద్దాయనే దుబాసీ.

పునిత మీద విచారణ జరిగింది. దుబాసీల జాబితాలోంచి పేరు తీసేశారు. ఇంక్రిమెంటు ఆపి, కింది అంతస్తులో పాత ఫైళ్ళ గదికి వేశారు. ఇంట్లో వాళ్ళమ్మ, "ఎవరడిగారని అంతా రాశావు?" అని తమిళంలో అంటూ ఏడ్చింది. శిక్ష పడితే కొంత తేలికగా ఉంటుందనుకుంది. ఉండలేదు. ఫైళ్ళ గదిలో ఎవరూ మాట్లాడరు కాబట్టి కూర్మమ్మ మాటే ఎక్కువగా వినబడేది.

రెండో విచారణలో అరుముగం సూరిబాబుని అడిగాడు: "మొదటి విచారణలో మీ అత్త పాలికి అన్నప్పుడు మీరు విన్నారా?" సూరిబాబు లాయరు అభ్యంతరం చెప్పాడు. జడ్జి ఒప్పుకోలేదు. సూరిబాబు బోను కొయ్య పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అవతల కూర్మమ్మ అతన్నే చూస్తోంది.

"ఇన్నాను" అన్నాడు.

ఆ తర్వాత విచారణ ఎంతో సాగలేదు. వారం తిరక్కుండానే రాజీకి వచ్చాడు. కానీ మొదటి తీర్పు చేతికొచ్చాక మందలో సగానికి పైగా అమ్మేసి ఉన్నాడు. పెద్దన్న దగ్గర పుట్టిన ముసలి ఆవులు అందులోనే పోయాయి. వాటి వంతుకి డబ్బు, మిగిలినవాటిలో సగం ఆవులు ఇస్తానన్నాడు. ఆవుల్ని మేపే ఓపిక లేక కూర్మమ్మ డబ్బే తీసుకుంది.

రాజీ రాసుకున్న రోజు పునిత ఒక ఫైలు ఇవ్వడానికి పైకి వచ్చింది. హాల్లో కూర్మమ్మ ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. తిరిగిపోదామనుకుంది గాని ఆవిడ అప్పటికే చూసేసింది.

"అయిపోనాది" అంది కూర్మమ్మ.

"చెప్పారమ్మమ్మా. మంచిది."

"డబ్బిచ్చినారు." ఆవిడ ఒళ్ళోని సంచీ వైపు చూసుకుంది. "ఆ గౌరి ఆవుని మా ఆయన సెయ్యట్టి పుట్టించినాడు. అది దొరకదంట. ఎవులు కొన్నారో తెల్దంట."

పునిత తల దించుకుంది. క్షమించమని ఆ రోజు అరుగు మీద అడగలేదు. ఇప్పుడు అడుగుదామా అనుకుంది. అడిగితే ఆవిడ సరేననొచ్చు. ముసలివాళ్ళు అలా అనేస్తారు. అలా అనిపించుకుని ఇంటికెళ్ళడం ఇంకో దొంగతనంలా అనిపించింది.

కూర్మమ్మ లేవబోయింది, మోకాలు సహకరించలేదు. పునిత ముందుకొచ్చి చెయ్యందించింది. ఆవిడ ఆ చేతిని ఒక క్షణం చూసి పట్టుకుంది. ఇద్దరూ మెట్ల మీదుగా నెమ్మదిగా దిగారు. ఆవిడ బరువంతా పునిత మోచేతి మీద ఉంది. కింద తమ్ముడి మనవడు కారు తలుపు తీసి నిలబడ్డాడు.

ఆఖరి మెట్టు దిగాక కూర్మమ్మ చెయ్యి వదిలేసింది. కారులో కూర్చుని, చీర కుచ్చిళ్ళు లోపలికి లాక్కుని, తలుపు వేసుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు. కారు గేటు దాటే దాకా పునిత ఎండలో నిలబడి, తర్వాత ఫైళ్ళ గదికి వెళ్ళిపోయింది.